గులాబీ కాగితంలో పండుగప్ప

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊళ్ల మధ్య సముద్రపు చేపకు పట్టిన సూక్ష్మజీవుల రోగాన్ని ఒక్క చూపుతో కనిపెట్టిన మొట్టమొదటి మనిషిని నేనే. ఈ మాట బస్సుల్లో చెప్పాను, పెళ్లి పందిళ్లలో చెప్పాను, పులివెందుల బస్టాండులో చీనీకాయలు, అంటే బత్తాయిలు, అమ్మే ఆయనకు రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆయన "కాయలు కొంటాండావా, లేదా?" అన్నాడు. గొప్పవాళ్లకు సొంత జిల్లాలో విలువుండదు.

పై మాటలో బంగారం ఎంత, రాగి ఎంత అనేది తర్వాత మీరే గీసి చూసుకోండి. ముందు మాత్రం ఒక ఘోరం వినాలి. అందులో ఒక చేప తల పోతుంది, నా పరువు పొలుసులతో సహా పోతుంది. పదేళ్లయినా మైలవరంలో కొందరు నన్ను చూస్తే ముందు ముక్కు మూసుకుని, తర్వాత నవ్వుతారు. అప్పుడు నా వయసు అరవై రెండు. కుర్రతనం, ఏం చేస్తాం!

నా వృత్తి గీటురాయి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో నలభై ఏళ్లు కూర్చున్నాను. పాత నగ తెస్తే రాయి మీద గీసి, ఎంత మేలిమో చెప్పడం నా పని. మా నాయన నాకు ఆస్తి ఇవ్వలేదు గానీ మూడు సూత్రాలు ఇచ్చాడు. నగ చేతికి రాగానే కుంకుడు రసంతో జిడ్డు కడుగు, జిడ్డు కింద ఏముందో దేవుడికి కూడా తెలియదు. లోపల నింపిన లక్క తీసెయ్యి, లక్క తూకాన్ని మోసం చేస్తుంది. పొదిగిన రాళ్లు ఊడదియ్యి, రాయి మెరుపు కంటిని మోసం చేస్తుంది. ఇక మిగిలిందే నిజం.

అయ్యా, ఈ మూడు సూత్రాలే నన్ను ముంచాయి. బంగారానికి మాత్రం ఈనాటికీ ఇవి సత్యాలే.

ఇప్పుడు మస్తాన్ సంగతి. మా వీధి పిల్లవాడే, కువైట్‌లో పన్నెండేళ్లు లారీ తోలి ఇంటికొచ్చాడు. తెచ్చిందంతా పెట్టి ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ మధ్య నేల కొని బోరు వేయించాడు. నీళ్లు దండిగా పడ్డాయి. తాగి చూస్తే ఉప్పు! ఆ నీళ్లతో టీ పెడితే పాలు విరిగేవి. ఆ నీళ్లు పోసిన చీనీ మొక్క వారానికే దండం పెట్టి పడుకునేది. మస్తాన్ తల పట్టుకుని కూర్చుంటే అతని భార్య మాబున్ని, పులివెందుల పిల్ల, ఫోనులో ఏదో వీడియో చూసి ఒక్క మాట అంది.

"ఉప్పునీళ్లలో పంట రాకపోతే, ఉప్పునీళ్లలో పుట్టేదాన్నే పెంచుదాం."

అంతే. గుంత తవ్వి, ప్లాస్టిక్ పట్టా పరిచి, కోస్తా నుంచి పండుగప్ప పిల్లల్ని తెచ్చి వదిలారు. సముద్రంలో పుట్టే చేప. మావాళ్లు పగలబడి నవ్వారు. "వానే రాని ఊరికి సముద్రం వచ్చిందంట, సూడండి!" అన్నారు. ఏడాది తిరిగేసరికి చేపలు మోచేతంత అయ్యాయి. నవ్వినవాళ్లే గట్టు మీద నిలబడి ఫోటోలు తీసుకున్నారు. నేనైతే ఆ చేపల గుడ్లు నేనే పెట్టినట్టు తిరిగేవాణ్ణి.

ఒక వేసవి ఉదయం మస్తాన్ ఫోను.

"మామా, చేపలు గిరగిర తిరుగుతాండాయి."

"తిరగనీ అబ్బీ, నీళ్లలో ఉన్నాక తిరగవా?"

"అట్ల కాదు మామా. బొంగరం మాదిరి తిరిగి తిరిగి, పక్కకు వాలి సచ్చిపోతాండాయి. మొన్న మూడు, నిన్న తొమ్మిది. ఈ పొద్దు లెక్క పెట్టేకి భయమైతాంది."

మొదటి బస్సెక్కి పోయాను. నీళ్ల పైన నాలుగైదు చేపలు ఒకే పక్కకు వాలి, గానుగెద్దుల్లా చుట్టూ తిరుగుతున్నాయి. ఒకదాన్ని వలబుట్టతో పట్టి చూపించాడు. ఒక కన్ను గోలీకాయలా బయటికి ఉబ్బి పాలపొర కమ్మింది. పొట్ట మీద ఎర్రటి మచ్చలు. రెక్కల అంచులు చీకిన చీర కొంగులా ఉన్నాయి.

నాకు తెలియదు అనే మాట మా వంశంలో లేదు. గడ్డం నిమురుకుని, "దిష్టి" అన్నాను.

మాబున్ని నా వైపు చూసింది. "దిష్టి అయితే నాకు తగలల్ల గానీ చేపకెందుకు తగుల్తాది పెదనాయనా?"

"పోనీ, ఎండ."

"ఎండ అందరికీ ఒకటే గదా."

మస్తాన్‌కు మా వాదన వినిపించలేదు. చేతిలో చేపను బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "మందులంగడోడు నాలుగు రకాల సీసాలు సూపించినాడు మామా. ఏ రోగమో తెలీకుండా ఏ సీసా పోసేది? తప్పు మందు పోస్తే మిగిలినవీ పోతాయి. ఇవి పోతే నేను మళ్లా విమానం ఎక్కల్ల. మోకాళ్లు అరిగిపోయినాయి మామా, లారీ క్లచ్చు తొక్కలేను."

అప్పటికి వాదన ఆపాను. ఎంతైనా వాడి కష్టం.

దేవుడు ఒక తలుపు తెరిచే ఉంచాడు. కోస్తా నుంచి చేపల డాక్టరమ్మ ఒకామె నెలకొకసారి మైలవరం వస్తుంది, రిజర్వాయరు దగ్గర చేపల రైతుల్ని కలుస్తుంది, మైక్రోస్కోపు వెంట తెచ్చుకుంటుంది. ఆమె వచ్చే రోజు అదే. మధ్యాహ్నం రెండు గంటల వరకే ఉంటుంది. మస్తాన్ ఫోను చేస్తే ఆమె స్పీకర్లో చెప్పింది, నేను ఈ రెండు చెవులతో విన్నాను: "చచ్చిపోయి నానినవి వద్దండి. ప్రాణం పోబోతున్న చేపను పట్టి వెంటనే ఐసులో పెట్టి తీసుకురండి. కడగొద్దు, కొయ్యొద్దు. ఉన్నది ఉన్నట్టే రావాలి."

చెరువులో గాలి మోటారు ఆగితే ఉన్న చేపలు కూడా పోతాయి, అందుకని మస్తాన్ కదలలేడు. రొమ్ము చరుచుకున్నాను.

"నేను పోతా!"

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మామా, కడగొద్దంట," అన్నాడు మస్తాన్.

"విన్నాలే."

"కొయ్యొద్దంట."

"ఒరే అబ్బీ, నలబై ఏండ్లు పరీక్షలు చేసినోణ్ణి. నాకా చెప్తాండావు?"

చేపను ఐసుతో సహా డబ్బాలో పెట్టి ఇచ్చారు. గడప దాటుతూ, ఎందుకో చెప్పలేను, వెనక్కి తిరిగి మాబున్నిని అడిగాను.

"పాపా, ఇంట్లో నాలుగు కుంకుడుకాయలు ఉండాయా?"

"ఎందుకు పెదనాయనా?"

"ఊరికేనే."

గుప్పెడు కాయలు ఇచ్చింది. ఇచ్చి, పోలీసు స్టేషన్లో సంతకం పెట్టించుకునేవాళ్లు చూసే చూపు ఒకటి చూసింది. ఆ చూపు గుర్తుంచుకోండి.

జమ్మలమడుగులో దిగాను. మైలవరం బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉంది. మనిషి చెడేది ఖాళీ ముప్పావుగంటల్లోనే. డబ్బా మూత తీసి చూశాను. ఒళ్లంతా జిగురు, నీచు వాసన, ఆ ఉబ్బిన కన్ను నన్నే చూస్తోంది. ఇంత చదువుకున్న ఆడకూతురి ముందు ఈ రూపంలో పెడతామా? మురికి నగను అట్లాగే గీటురాయి మీద పెడితే మా నాయన చెవి మెలితిప్పేవాడు. డాక్టరమ్మ కడగొద్దని ఎందుకంది? అందరికీ కడగడం రాదు గనక. నాకు వచ్చు! చూశారా, తెలివి ఎక్కువైతే బుద్ధికి కూర్చోవడానికి చోటుండదు.

బస్టాండు వెనక చేపలు కోసే ఆమె దగ్గరికి పోయాను.

"అమ్మా, దీని లోపలిదంతా తీసేయల్ల."

"ముక్కలు కొట్టేదా?"

"వద్దు వద్దు. పరీక్షకు పోతాంది."

ఆమె కత్తిపీట మీద నుంచి తలెత్తింది. "చేపకు పరీక్షనా? ఏ క్లాసు?"

"పెద్ద డాక్టరమ్మ సూస్తాది. పేగులు, ఎన్నుపూసకు అంటుకోని నల్లగా ఉండాదే అదీ, శుబ్బరంగా గీకెయ్. అదంతా లక్క."

"లక్క ఏందప్పా? అది నెత్తురు గడ్డ."

"మా బాషలో లక్క. ఇంగ తలకాయ కూడా తీసెయ్."

"తలకాయా! రుచంతా ఆడనే గదప్పా!"

"ఆ కన్ను సూడు. డాక్టరమ్మ జడుసుకోదా?"

జిడ్డు, లక్క, రాళ్లు. మూడు సూత్రాల్లో రెండు అయిపోయాయి. చేతిపంపు దగ్గర కూర్చుని కుంకుళ్లు కొట్టి నురుగు తీశాను. నగలు రుద్దే పాత పళ్ల బ్రష్షు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. పొలుసు పొలుసూ రుద్దాను. ఎర్ర మచ్చలు కాస్త వెలవెలబోయాయి. మందు లేకుండానే నయమవుతోంది అనుకున్నాను! నీచు పోవడానికి ఉప్పు, శుభానికి పసుపు పట్టించాను. నగలు చుట్టే గులాబీ రంగు పలుచని కాగితం కూడా సంచిలో ఉంది. అందులో చుట్టాను. ఐసు ఉంటే కాగితం తడుస్తుంది కదా, ఐసు పారబోశాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను అడుసు తొక్కనే లేదు. చేపను కడిగి, ఆ నీళ్లతో నా కొంప నేనే ముంచుకున్నాను.

మైలవరంలో పదిహేనుమంది రైతులు వరసలో ఉన్నారు. ఒకరి చేతిలో బురద బకెట్టు, ఒకరి చేతిలో నీళ్ల సీసా, ఇంకొకరి సంచిలోంచి వాసన. నేను మాత్రం పెళ్లికూతురికి నగలు తీసుకుపోతున్నట్టు డబ్బా గుండెలకు హత్తుకుని నిలబడ్డాను. నా వంతు వచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, కళ్లద్దాలు, చేతికి తొడుగులు. కాగితం విప్పింది. మళ్లీ మూసింది. మళ్లీ విప్పింది.

"ఏంటండీ ఇది?"

"చేపమ్మా."

"చేపని ఎలా తెలుస్తుందండీ? తలేది?"

"తీసేయించినా తల్లీ. సూసేకి బాగలేదు."

"కిడ్నీ?"

"అది యాడుంటాది?"

"వెన్నెముక కింద, ఎర్రగా, నల్లగా..."

"ఓ, అదా! ఆ లక్కంతా గీకిచ్చినా."

"లక్కా?" ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ప్లీహం? కాలేయం?"

"అమ్మా, లోపల ఒక్క తునక కూడా మిగల్లేదు. పూచీ నాది."

"ఇది పసుపా?"

"కొంచెం. ఉప్పు కూడా ఉండాది."

"ఈ వాసనేంటండీ, షాంపూలాగా?"

"కుంకుడు. అచ్చమైన కుంకుడు."

వరస వరసంతా చిత్తడిలో కప్పల్లా బెకబెకలాడింది. వెనక నుంచి ఎవరో "సాంబ్రాణి పొగ ఏసినావా తాతా?" అన్నాడు. ఇంకొకడు "తల దువ్వేకి తలే లేదు గదప్పా!" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. ఆమె నవ్వి ఉంటే బాగుండేది.

"పెద్దాయనా, రోగం చేసే సూక్ష్మజీవి మీరు పారేసిన వాటిల్లోనే ఉంటుంది. కిడ్నీలో, ప్లీహంలో. చేప గిరగిరా తిరుగుతోందంటే మెదడులో కూడా ఉంటుంది. అంటే ఆ తలలో. పైన ఉన్న జిగురులో, మచ్చల్లో ఏమైనా మిగులుతుందేమో అనుకుంటే దాన్ని కడిగేశారు. కడిగాక మిగిలినదానికి ఉప్పూ పసుపూ పెట్టారు. ఈ చేపకు ఏ రోగమూ లేదండి. ఇంత శుభ్రమైన చేపను నేను ఇంతవరకూ చూడలేదు. పొయ్యి మీదికి తప్ప ఇది దేనికీ పనికిరాదు."

"బంగారానికి మురికి తీస్తేనే గదమ్మా గుణం తెలిసేది..." అని గొణిగాను.

"రోగానికి ఆ మురికే సాక్షి అండి."

గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. రెండుకు ఆమె వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చేది నెలకు. చెట్టు కిందికి పోయి మస్తాన్‌కు ఫోను చేశాను. జరిగింది చెప్పాను. తిడతాడనుకుని ఫోను చెవికి కొంచెం దూరంగా పెట్టుకున్నాను. తిట్టలేదు. వెనక గాలి మోటారు తిరుగుతూనే ఉంది.

"సరే మామా," అన్నాడు. "నువ్వు పోయినంక ఇంగా పదకొండు పోయినాయి. ఎండ ఎక్కువుంది, నువ్వు నీడన కూర్చో."

కొట్టినా ఓర్చుకునేవాణ్ణి. నీడన కూర్చో అన్నాడు చూడండి, ఆ మాట నా మీద, నకిలీ నగ మీద నైట్రిక్ ఆమ్లం చుక్క పడ్డట్టు పడింది. నలభై ఏళ్ల నా మెరుపంతా ఆకుపచ్చగా పొంగి పోయింది. కింద ఉన్నది రాగి.

అంతలో దుమ్ము లేపుకుంటూ ఒక స్కూటీ వచ్చి ఆగింది. మాబున్ని! బుర్ఖా అంతా నీళ్లు, కాళ్ల మధ్య మూతేసిన బకెట్టు, వెనక తాడుతో కట్టిన ఐసుడబ్బా.

"పాపా! నీకెట్ల తెలిసె?"

"కుంకుడుకాయలు అడిగినావు గదా పెదనాయనా. చేపను తీసుకోని పోయేటోడికి కుంకుడుకాయలతో ఏం పని? గంటసేపు ఆలోచన చేసినా. ఆలోచన చేసేకొద్దీ గుండె జారిపాయ. మా ఇంటాయనకు చెప్తే మామను అనుమానిస్తాండావా అని గలాటా చేస్తాడు. అందుకే ఐసు తెచ్చేకి పోతాండానని చెప్పి, ఆయప్ప మోటారు కాడ ఉన్నప్పుడు ఈ రెండూ పట్టుకోని వచ్చేసినా." నా చేతిలోని గులాబీ కాగితం చూసింది. "అది చేపనా?"

"ఒకప్పుడు."

బకెట్టులో ప్రాణంతో ఉన్న చేప, ఒక పక్కకు వాలి తిరుగుతూనే ఉంది. ఐసులో ఇంకోటి, అప్పుడే పోయింది, జిగురూ నీచూ ఉబ్బిన కన్నూ అన్నీ ఎక్కడివక్కడే. డాక్టరమ్మ మొహం పండగైంది. "శాంపిలంటే ఇదండీ!" అంది. మురికి చేపను చూసి అంత ముచ్చటపడే మనిషిని నేను చూడటం అదే మొదలు.

వెన్నెముక దగ్గర నుంచి చిన్న తునక తీసి గాజుపలక మీద అద్దింది. తలలోంచి ఇంకొంచెం తీసి ఇంకో పలక మీద అద్దింది. ఆరబెట్టి, రంగు నీళ్లు పోసి, కడిగి, (ఆమె కడగొచ్చు, నేను కడగకూడదు!) మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. తల ఊపింది.

"నేను కూడా సూస్తానమ్మా," అన్నాను.

ఇంత జరిగాక కూడా అడిగానంటే, నా చర్మం ఏ లోహమో మీరే ఊహించుకోండి. పోనీ పెద్దవాడని ఆమె పక్కకు జరిగింది. కన్ను పెట్టాను.

"దొరికింది! పొడుగ్గా ఉండాది, నల్లగా, వంకరగా! కదుల్తాంది కూడా!"

"అది మీ కనురెప్ప వెంట్రుకండి. కొంచెం వెనక్కి జరగండి."

జరిగాను. ఆమె ఏదో మర తిప్పింది. అప్పుడు కనిపించింది చూడండి. ఊదారంగు చుక్కలు, చిన్న చిన్న గుండ్లు, ఒకదాని పక్కన ఒకటి.

"అమ్మా, ఇది గుండ్లపేరు!" అని అరిచాను. నలభై ఏళ్లు గుండ్లపేర్లు చూసిన కన్ను కదా.

"అవునండి," అంది ఆశ్చర్యంగా. "దండలా గుండ్లు గుండ్లుగా ఉన్నాయి కదా, ఇది ఒక జాతి. వంగిన పుల్లల్లా ఉంటే వేరే జాతి. దానికి మందు వేరు, దీనికి వేరు. ల్యాబులో పెంచి చూసి, ఏ మందుకు లొంగుతుందో ఖాయం చేసి ఫోను చేస్తాను. ఈలోగా మేత ఆపండి. తిరుగుతున్నవాటిని తీసేసి సున్నం వేసి పూడ్చండి. ఫోనులో చెప్పిన ఆ నాలుగు సీసాల జోలికి పోకండి."

ఇదీ కథ. మొదట్లో నేను కోసిన కోత ఇదే. ఒక్క చూపు అన్నాను, అది రెండో చూపు. కనిపెట్టాను అన్నాను, అప్పటికే డాక్టరమ్మ తల ఊపేసింది. నేను పేరు మాత్రమే పెట్టాను, అదీ నగల పేరు. రాగి ఎంతో లెక్క తేలింది కదా?

ఆమె చెప్పిన మందు మేతలో కలిపి పెట్టారు. వారంలో చావులు తగ్గాయి, రెండో వారంలో ఆగాయి. సగానికి పైగా దక్కాయి. మస్తాన్ విమానం ఎక్కలేదు. ఇప్పుడు రెండు చెరువులు. కొత్తగా చేపలు పెంచేవాళ్లు వస్తే జబ్బు చేపను ఎట్లా పంపాలో మాబున్ని నేర్పిస్తుంది. పాఠం చివర నన్ను చూపించి, "ఈయన చేసినట్ల తప్ప ఎట్లయినా పంపండి," అంటుంది.

కాబట్టి ఈ అక్షరాల సాక్షిగా, మా నాయన గీటురాయి సాక్షిగా, తల లేకుండా పోయిన ఆ పండుగప్ప సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక దేన్నీ కడిగి పరీక్షకు ఇవ్వను. రోగం ఎట్లా ఉంటే అట్లా, దాని మురికితో, దాని మర్యాదతో డాక్టరు ముందు పెడతాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ తప్పు మళ్లీ చేయలేదు, చేయబోను.

రాసింది మా ఇంటామె నాగరత్నకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా విన్నది.

"కనిపెట్టింది ఆయమ్మ. కాపాడింది మాబున్ని. నువ్వు కడిగినావు," అంది. "పోయిన నెల దగ్గు పట్టుకుంటే, కఫం పరీక్ష చేయల్ల, పొద్దున్నే డబ్బీలో పట్టుకోని రా అని డాక్టరు చెప్తే, ఉప్పునీళ్లతో నాలుగుసార్లు పుక్కిలించి, కుంకుడు రసంతో డబ్బీ కడిగి, అందులో ఏమీ లేకుండా గులాబీ కాగితం సుట్టుకోని పోలేదా? అది కూడా రాయి."